కొండమీద వాన ఫోన్‌కేం తెలుసు

ఈ వారం మన కాలమిస్టుకు కోపం తెప్పించింది ఆయన ఫోనే. అలిపిరిలో నిలబడి చూస్తే తెరమీద పచ్చటి సూర్యుడు. తలెత్తితే శేషాచలం నెత్తిన నల్లమబ్బు. ఈ పేజీ వదలకుండా చదివేవాళ్లకు ఆయన పాత పాట కంఠతా వచ్చే ఉంటుంది: కొండెక్కేముందు ఫోన్ని కాదు, కొండని చూడాలి.

ఇందులో వింతేమీ లేదు. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తున ఉంటే తిరుమల దాదాపు 850 మీటర్లు. బంగాళాఖాతం మీంచి వచ్చే తేమగాలికి కొండ అడ్డం పడితే పైకెక్కక తప్పదు. ఎక్కేకొద్దీ చల్లబడి మబ్బవుతుంది. కింద చెమటకు తడిసిన చొక్కా గాలిగోపురం దాటాక వానకు తడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తమాషా మరీ ఎక్కువ.

వానా గాలీ ఒంటికి తగలని నడక నడకే కాదని వాదించే ఈయనకు అలిపిరి దారిమీది కప్పంటే మొదట్నుంచీ గిట్టదు. 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. దాదాపు పొడుగునా నీడపట్టునే వెళ్తే అది కొండెక్కడమా, రైల్వే ప్లాట్‌ఫారం మీద పచార్లా? 2021లో కొత్త కప్పు వేసినప్పుడూ ఇలాగే సణిగాడు.

మోకాళ్ల పర్వతం వచ్చేసరికి ఆలోచన ఎప్పట్లాగే అన్నమయ్య మీదికి మళ్లింది. చెప్పులతో ఎక్కి, ఆకలికి సొమ్మసిల్లిన పిల్లాడికి అలమేలుమంగ పెద్దముత్తైదువలా కనిపించి చెప్పులు విడిచి ఎక్కమన్నదని మనవడు చిన్నన్న ద్విపదలో చెప్పాడు. భక్తి సంగతి అటుంచి, సలహా మాత్రం గట్టిది. తడిసిన రాతిమెట్టు మీద అరిగిన చెప్పు జారుతుంది. ఉత్తిపాదానికైతే పట్టు వేళ్లకే తెలుస్తుంది. వేలకు వేలు పోసి బూట్లు కొనేవాళ్లు నవ్వితే నవ్వనీ.

అక్కడే, కప్పుమీద జల్లు దడదడలాడుతుంటే, ఒక పెద్దావిడ మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ వంగి వంగి ఎక్కుతోంది. వాన తగ్గేదాకా కూర్చోకూడదా అమ్మా అంటే, "దర్శనం టికెట్టు రేప్పొద్దునకే కదా నాయనా, ఎట్టా కూచునేది?" అంది.

సరదాకి నడిచేవాడికి వెనుదిరిగే వీలుంటుంది. మారే వాతావరణంలో కొండ నడకకు అంతకన్నా పెద్ద విద్య లేదు కూడా. మొక్కుకున్నవాళ్లకు ఆ వీలు లేదు. రోజును ఎప్పుడో నెలల ముందే టికెట్టు నిర్ణయించేసింది. కప్పు లేకపోతే ఆమె పసుపు పది మెట్లయినా నిలిచేది కాదు. వాన ఎంత పని చేయగలదో 2021 నవంబరులో తిరుమలకే వెళ్లే మరో నడకదారి, శ్రీవారి మెట్టు, చూపించింది. వరదకు మెట్లు కొట్టుకుపోయి, నెలల తరబడి మూతపడి, మళ్లీ 2022 మేలో గానీ తెరుచుకోలేదు.

కాబట్టి కప్పు ఉండాల్సిందే. దానిమీద సణుగుడు ఈ పేజీలో ఇక కనిపించదు. వానలో తడుస్తూ నడవాలన్న ముచ్చట ఉన్నవాళ్లకు వేరే కొండలున్నాయి. కార్తీకంలో అలిపిరి నుంచి ఎక్కేవాళ్లు మాత్రం గొడుగు మరిచిపోకండి, పైకి చేరాక అంతటా కప్పుండదు.