'ధైర్యము' అన్న మాట: యోహాను మొదటి పత్రికలో ఒక అనువాద సమస్య

యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో, తీర్పుదినాన విశ్వాసికి ఉండే నిబ్బరాన్ని తెలుగు బైబిలు 'ధైర్యము' అంటుంది. తమిళ బైబిలులోనూ ఇదే సంస్కృత పదం. దీనికి మూలం 'ధీర' శబ్దం. చలించని మనసు అని అర్థం. అలా చదివితే తీర్పును తట్టుకునే బలం మనిషి గుండెలోనే ఉండాలనిపిస్తుంది.

గ్రీకులో ఉన్న మాట 'పర్రేసియా'. 'అంతా', 'పలుకు' అన్న రెండు మాటల కూర్పు ఇది. ఏథెన్సులో పౌరుడు సభలో దాపరికం లేకుండా మాట్లాడే స్వేచ్ఛకు ఈ పేరు ఉండేది. ఈ పత్రికలో ఇది నాలుగు చోట్ల వస్తుంది. రెండు చోట్ల (2:28, 4:17) ప్రభువు రాకడ, తీర్పు ప్రస్తావన. రెండు చోట్ల (3:21, 5:14) ప్రార్థన. అంటే ప్రార్థనలో మనసు విప్పిన స్వేచ్ఛే తీర్పునాడూ నిలుస్తుందని భావం. తెలుగు అనువాదం నాలుగు చోట్లా ఒకే మాట వాడి ఈ సంబంధాన్ని కాపాడింది. అది మెచ్చదగిన సంగతి.

అయితే ఈ భావానికి మన వాడుకలో దగ్గరి మాట 'చనువు' అని మా అభిప్రాయం. ధైర్యం మనం తెచ్చుకుంటాం; చనువు ఎదుటివారు ఇస్తారు. ఇవ్వకుండా తీసుకుంటే తప్పవుతుంది. దేవుడే ముందుగా ప్రేమించాడని 4:19 చెప్పేదీ ఇదే. న్యాయస్థానం ముందు 'చనువు' తేలికగా వినిపిస్తుంది కనుక అనువాదంలో ఆ మాట పెట్టమని మేము అనం. కానీ 'ధైర్యము' అని చదివినప్పుడు, అది ఇచ్చినవారి ప్రేమ వల్ల కలిగినదని గుర్తుంచుకోవాలి. భయాన్ని వెళ్లగొట్టేది ఆ ప్రేమే గాని మన గుండెదిటవు కాదు.