జముకుల కథలో వంత ఎవరిది?

ఉద్దానం అనగానే కొబ్బరి, జీడి, పనస తోటలు గుర్తొస్తాయి. సాహిత్య విద్యార్థిగా మీరు గమనించవలసింది ఇక్కడి భాషలను. పలాస, టెక్కలి ప్రాంతంలో తెలుగుతో పాటు ఒడియా వినిపిస్తుంది. కొండల వైపు వెళితే సవర. సమాజం మారాలని ఇక్కడ రాయబూనిన వారికి ఎవరి మాటలో, ఎవరి బాణీలో రాయాలన్నది మొదటి సమస్య.

సుబ్బారావు పాణిగ్రాహి మాతృభాష ఒడియా. పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారి. పేద రైతులకు, కూలీలకు కథ చెప్పడానికి ఆయన తీసుకున్నది జముకుల కథ. పుట్టుకతో వచ్చిన భాషా, పూజారిగా నేర్చిన పద్ధతీ రెండూ పక్కన పెట్టి, ఊళ్లో పేదలు తమదిగా ఎరిగిన తెలుగు కళారూపంలోకి వెళ్లారు.

ఆ ఎంపికలోని బలం ఎక్కడుందో చూడండి. జముకుల కథలో కథకుడు ఒంటరి కాదు, పక్కన వంతలు ఉంటారు. వంత పల్లవి అందుకుని ఊరుకోడు. అడ్డు తగులుతాడు, హాస్యమాడతాడు, వినేవాళ్ల మనసులోని సందేహాన్ని తానే అడుగుతాడు. అప్పు ఎలా పెరిగింది, భూమి ఎలా పోయింది అని వంత అడిగితే కథకుడు జవాబు చెప్పి తీరాలి. బయటి నుంచి వచ్చిన రచయితలో ఉపదేశకుడు తలెత్తకుండా ఆ రూపమే అదుపు చేస్తుంది. పాణిగ్రాహిది సులభమైన భాష అని మెచ్చి వదిలేస్తే ఈ సంగతి అందదు.

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం ముదిరింది. 1969 డిసెంబరులో పాణిగ్రాహి కూడా పోలీసు కాల్పుల్లో మరణించారు. పరీక్ష జవాబు సాధారణంగా ఇక్కడ నివాళిగా మారిపోతుంది. మీరు అలా ఆపకండి. పోరాటానికి కేంద్రమైన కొండల్లో ఎందరికో ఇంటి మాట సవర. కథ తెలుగులో సాగితే అక్కడ వంత పాడేదెవరు? అడ్డు తగిలేదెవరు? నా దృష్టిలో జముకుల కథ మైదానంలో సాధించినంత సాన్నిహిత్యం కొండ మీద సాధించలేదు.

పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి చాలా ముందే మరో దారి పట్టారు. తెలుగు తెలిసిన ఒక సవర దగ్గర ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. పాణిగ్రాహి ఎత్తిచూపిన భూమి, అప్పుల తగాదా వాచకాల్లో ఇమిడేది కాదు. గిడుగు పట్టించుకున్న నాలుక జముకుల కథలో లేదు.

ఆ నిఘంటువుకు రెండేళ్ల ముందే, 1936లో, మంగేయి గొమాంగో అనే సవర తన భాషకు సోరంగ్ సోంపెంగ్ అనే లిపిని తయారు చేసుకున్నాడు.