చిన్న విమానమునకు చేతి జి.పి.ఎస్. – మంచిచెడ్డలు

చిన్న విమానమును నడుపు పైలట్‌కు ఎల్లప్పుడు తెలియవలసిన సంగతులు మూడు: విమానమెక్కడ ఉన్నది, ఎటు పోవుచున్నది, దిగుటకు దగ్గరలో విమానాశ్రయమేది. వీటిని చూచినంతనే తెలుపు చేతి జి.పి.ఎస్. యంత్రములు 1990 తర్వాత వాడుకలోనికి వచ్చినవి. ఏది మేలైనదని అడిగినచో ప్రకటనలు తెర వెడల్పును, రంగులను, సౌకర్యముల సంఖ్యను చెప్పును. ఇవి చాలవు. తెరపై కనిపించు సమాచారము యంత్రము తాను కొలిచినదో, ముందే తనలో దాచుకొన్నదో, వేరొకచోటినుండి అందుకొన్నదో పైలట్‌కు స్పష్టము కావలెను. ఈ కొలబద్దతో గార్మిన్ సంస్థ వరుసగా తెచ్చిన జి.పి.ఎస్. మ్యాప్ 196, 296, 396 అను మూడు యంత్రములను పరిశీలించినచో ఎంపికలోని మెలకువ బోధపడును. వీటి స్థానమున కొత్తవి వచ్చినను ఈ మెలకువకు కాలదోషము పట్టలేదు.

మొదట కొలుచు విధము. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములు తమ పరమాణు గడియారముల కాలమును రేడియో తరంగములద్వారా పంపుచుండును. నడినెత్తినున్న ఉపగ్రహమునుండి సంకేతము భూమిని చేరుటకు సెకనులో సుమారు పదునైదవ వంతు పట్టును. ఆ కాలమును కాంతివేగముతో గుణించిన దూరము వచ్చును. కాలమున సెకనులో పదిలక్షవ వంతు పొరపాటు దొర్లినను దూరము 300 మీటర్లు తప్పును. చేతి యంత్రములో పరమాణు గడియారము లేదు. కావున స్థానమును కనుగొనుటకు మూడు ఉపగ్రహములతోపాటు, గడియారపు తప్పును దిద్దుకొనుటకు నాల్గవది కూడ కావలెను.

196 తెర నలుపు తెలుపుల ఛాయలది. అంగడిలో దొరకు నాలుగు సాధారణ బ్యాటరీలతో పనిచేయును. ఇది గొప్ప సుగుణము. అయితే ఇందులో విమానపు పరికరముల వలె గుండ్రని ముళ్లను చూపు పుట ఒకటి కలదు. మేఘములలో అసలు పరికరములు చెడినపుడు ఇది ఆసరా కావచ్చును. కాని ఆ పోలికయే భ్రమ గొలుపును. విమానమును నిలుపునది రెక్కలను తాకు గాలి వేగము, జి.పి.ఎస్. చెప్పునది నేలపై విమానము సాగు వేగము. గాలి వేగము గంటకు 90 కిలోమీటర్లకు తగ్గినచో రెక్కలు బరువు మోయలేని విమానమొకటి కలదనుకొందము. వెనుకనుండి 35 కిలోమీటర్ల గాలి వీచుచుండగా తెరపై 120 అని కనిపించును. రెక్కలకు అందునది 85 మాత్రమే! అట్లే, జి.పి.ఎస్. చూపు ఎత్తు ఉపగ్రహముల దూరములనుండి కట్టిన లెక్క. ఆల్టిమీటరు చూపునది గాలి ఒత్తిడినిబట్టి వచ్చిన ఎత్తు. ఆకాశమున విమానములను ఎత్తులవారీగా ఎడబాపునది ఈ రెండవదే.

296లో రంగుల పటము చేరినది. ఎత్తైన నేల సమీపించినపుడు పసుపు, ప్రమాదకరమైనపుడు ఎరుపు కనిపించును. కాని కొండలను యంత్రము చూచుట లేదు. తనలో దాచుకొన్న పట్టికతో తన స్థానమును సరిపోల్చుచున్నది. నిరుడు లేచిన గోపురము పట్టికలో లేనిచో తెరపై కూడ లేదు. విమానయాన సమాచారము 28 దినములకొకసారి మారుచుండును. పాత పట్టికకు ఎన్ని రంగులద్దినను అది పాతదే. కనుక కొనువారు యంత్రపు ధరతోపాటు పట్టికలను మార్చుకొనుటకగు ఖర్చును కూడ లెక్కింపవలెను.

2005లో వచ్చిన 396 అమెరికాలో ఉపగ్రహ రేడియోద్వారా వాతావరణ చిత్రములను అందుకొనెను. మూడింటిలో ఆకర్షణ దీనికే ఎక్కువ, జాగ్రత్తయు దీనికే ఎక్కువ కావలెను. ఇట్టి చిత్రము అనేక రాడార్ల సమాచారమును జోడించి చేసినది. తెరపై చూపు వయస్సు జోడించిన క్షణమునుండి లెక్కించినదేగాని, రాడారు మేఘమును చూచిన క్షణమునుండి కాదు. కొన్ని సందర్భములలో అసలు వయస్సు తెరపై చూపినదానికంటె 15 నుండి 20 నిమిషములు ఎక్కువగా ఉండవచ్చునని అమెరికా రవాణా భద్రతా మండలి 2012 జూన్‌లో హెచ్చరించినది. ప్రాణములు పోయిన ప్రమాదములను అందుకు ఉదాహరించినది. గంటకు 200 కిలోమీటర్ల వేగమున పోవు విమానము 15 నిమిషములలో 50 కిలోమీటర్లు సాగును. ఈలోగా మేఘము కూడ కదలును, పెరుగును. తెరపై రెండు తుపాను మేఘముల నడుమ కనిపించు సందు ఆకాశమున మూసుకొనిపోయి యుండవచ్చును. దూరమునుండియే తప్పుకొనుటకు ఆ చిత్రము మేలు చేయును; సందులలో దూరుటకు పనికిరాదు.

ఈ మూడు యంత్రములలోను నిజముగా మెచ్చదగినది ఒక చిన్న మీట. దానిని నొక్కిన చాలు, దగ్గరి విమానాశ్రయముల దిక్కు, దూరము వరుసగా కనిపించును. ఇంజను ఆగినపుడు దీని విలువ తెలియును. ఒక మీటరు దిగుచు తొమ్మిది మీటర్లు ముందుకు సాగగల విమానము 1,500 మీటర్ల ఎత్తునుండి, గాలి లేనపుడు, 13.5 కిలోమీటర్లకు మించి పోజాలదు. గంటకు 120 కిలోమీటర్ల వేగమున అది ఏడు నిమిషములైనను నిండని వ్యవధి. అప్పుడు రంగులను మెచ్చుకొనుటకు తీరిక ఉండదు. తర్వాత వచ్చిన స్పర్శ తెరలు నేలపై సుఖముగా పనిచేసినను, కుదుపులలో వేలికి గురి తప్పవచ్చును.

కావున ఎండలో స్పష్టముగా కనిపించు తెర, సులభముగా మార్చుకొనదగు బ్యాటరీ, తాజా పట్టికలు, కన్ను తిప్పకనే అందు మీట ఉన్న యంత్రమును మొదట ఎన్నుకొనవలెను. మిగిలిన సౌకర్యములు ఆ పిమ్మట. ఎంత మంచిదైనను చేతి యంత్రము విమానమున బిగించిన ఆమోదిత పరికరములకు తోడేగాని బదులు కాదు. వేగమనగా ఏ వేగము, ఎత్తనగా దేనినుండి ఎత్తు, చిత్రమనగా ఎప్పటి చిత్రము అని అడుగుట పాఠశాల ప్రయోగశాలలో మంచి అలవాటు. ఆకాశమున అది ప్రాణరక్ష.