తండ్రి గతి, కొడుకు గతి : డాంటే కావ్యమునఁ బాపక్షమావిచారము

ఇటలీదేశపు మహాకవి డాంటే (1265–1321) రచించిన కావ్యము నూఱు సర్గములు గలది. ఆంగ్లమున దీనికి డివైన్ కామెడీ యని ప్రసిద్ధి. ఇందు నరకఖండమునకు 34, శుద్ధిఖండమునకు 33, స్వర్గఖండమునకు 33 సర్గములు. దీనిఁ జదివిన మనవారిలోఁ బెక్కురు చేయు పొరపాటొకటి కలదు. కతోలిక మతమునఁ బాపములు మరణకరములనియు, లఘువులనియు రెండు తెఱఁగులు గదా, మొదటివానికి నరకమును, రెండవవానికి శుద్ధిలోకమును గవి యేర్పఱచినాఁడని వారి తలంపు. మహాపాతకోపపాతక విభాగమునకు అలవాటుపడిన బుద్ధికి ఇట్లు తోఁచుట సహజమే. కాని యీ తలంపుతోఁ జదివినచో శుద్ధిఖండమంతయు నర్థము చెడును.

మనుస్మృతి పదునొకండవ యధ్యాయమున బ్రహ్మహత్య, సురాపానము మొదలగు నైదును మహాపాతకములుగాఁ జెప్పఁబడినవి. తెలిసి చేసినదానికిని దెలియక చేసినదానికిని బ్రాయశ్చిత్తమున భేదము కలదు గాని, పాతకమునకు మహత్త్వము నిచ్చునది ప్రధానముగా నా క్రియయే. కతోలికుల విభాగము వేఱు. విషయము గురువైనది కావలెను, చేయువానికి సంపూర్ణజ్ఞానముండవలెను, వాఁడు మనఃపూర్వకముగా సమ్మతింపవలెను. ఈ మూఁడును గూడిననే మరణకరపాపము. అది చేసినవాని యాత్మలోని దైవప్రేమను జంపును గావున నా పేరు వచ్చినది. యోహాను మొదటి లేఖ యైదవ యధ్యాయమున మరణకరమైన పాపమనియు, మరణకరము గానిదనియు విభాగము కలదు. లఘుపాపము ఆ ప్రేమను గాయపఱచునే కాని చంపదు. లఘుపాపమునకు లాటినునఁ గల పేరు క్షమార్థకమైన 'వేనియా' శబ్దమునుండి పుట్టినది. దీనిని 'క్షమ్యపాపము' అని తెనిఁగించినచో రెండవది యక్షమ్యమను భ్రాంతి గలుగును. అది మతమునకే విరుద్ధము గావున లఘుపాపమనియే వ్యవహరించుచున్నాను.

క్షమించు మార్గములును రెండు విధములు. లఘుపాపములకు జపదానాదులు చాలును. పరలోకప్రార్థన, ఱొమ్ము గొట్టుకొనుట, తీర్థజలము చల్లుకొనుట మొదలగువానిని థామస్ అక్వీనాసు (మరణము 1274) చెప్పినాఁడు; వానితోఁ బాపమందు రోఁత గాని, దేవునియందు భక్తి గాని యుండవలెననియు నతఁడే నియమించినాఁడు. మరణకరపాపమునకు గురువునొద్దఁ బాపసంకీర్తనము విధి. ఏఁటి కొక్కసారియైనఁ జేయవలెనని 1215లో నాల్గవ లాటెరన్ మహాసభ శాసించినది. జ్ఞాపకమున్న మరణకరపాపములన్నియు విడివిడిగాఁ జెప్పవలెననియు, లఘుపాపములను జెప్పుట మేలేకాని తప్పనిసరి కాదనియు 1551లో ట్రెంటు మహాసభ స్పష్టపఱచినది. అయితే డాంటేను ట్రెంటు నిర్ణయములతోఁ గొలుచుట కాలవిరుద్ధము. అతని కాధారము అక్వీనాసు మొదలగు పూర్వులే.

మఱొక్క సంగతి యున్నది. కావ్యమునకుఁ దాళపుచెవి యదియే. దోషము క్షమింపఁబడిన పిమ్మటఁ గూడ దానివలని ఋణము కొంత మిగులును. ఆ ఋణమును దీర్చుకొను తావే తెలుఁగు కతోలికులు 'ఉత్తరించు స్థలము' అనునది. కావున నచ్చటికి లఘుపాపులే కాదు, ఘోరపాపములు చేసి పశ్చాత్తాపముతోఁ జచ్చినవారును బోవుదురు. నరకమునకును శుద్ధిలోకమునకును నడిమి గోడ పాపపరిమాణము గాదు, అవసానకాలమున మనస్సు తిరిగిన దిక్కు. ఈ సూక్ష్మమును శాస్త్రకారులు వాక్యములతోఁ జెప్పఁగా డాంటే యొక తండ్రికొడుకుల కథతోఁ జెప్పినాఁడు.

తండ్రి గ్విదో ద మాంటెఫెల్ట్రో. కపటయుద్ధతంత్రములకుఁ బేరుపడ్డ యోధుఁడు. వార్ధకమునఁ బాపములు చెప్పుకొని ఫ్రాన్సిసు సన్న్యాసుల త్రాడు నడుమునకుఁ గట్టుకొన్నాఁడు. నరకఖండము 27వ సర్గమున నతఁడు జ్వాలలోనుండి తన కథఁ జెప్పును. ఎనిమిదవ బోనిఫేసు పోపు పాలెస్ట్రీనా దుర్గమును బట్టు నుపాయ మడిగెను. సందేహించుచున్నవానికిఁ బాపవిమోచనమును ముందుగనే యిచ్చెను. మాట పెద్దదిగా నిచ్చి చిన్నదిగాఁ జెల్లింపుమని గ్విదో చెప్పెను. చచ్చినప్పుడు ఫ్రాన్సిసు మహాత్ముఁడే వచ్చినాఁడు గాని నల్లని భూతమొకటి యడ్డుపడి తర్కించినది: పశ్చాత్తాపము లేనివానికి విమోచనము లేదు, ఒక పాపమును గోరుచు దానికే పశ్చాత్తాపపడుట పరస్పరవిరుద్ధము, అది యసంభవము. ఆ భూతము తన్నుఁ దార్కికునిగా నెంచవైతివని గ్విదోను వెక్కిరించును కూడ. నరకఖండములో సిద్ధాంతము నింత శుద్ధముగాఁ జెప్పినవాఁడు పిశాచమగుట కవి చమత్కారము.

కొడుకు బువాంకాంటే. 1289లో కాంపాల్డినో యుద్ధమునఁ గంఠము చీలి, నెత్తురోడ్చుచు నదీసంగమము దాఁకఁ బరుగెత్తి, చూపును మాటయుఁ దప్పిపోవు క్షణమున మరియమ్మ పేరు పలికి పడిపోయెను. దగ్గఱ గురువు లేఁడు, పాపసంకీర్తనము లేదు, విమోచనము లేదు. దేవదూత వచ్చి కొనిపోవఁగా, నొక్క చిన్న కన్నీటిబొట్టునకు వీనిని దక్కనీయవా యని పిశాచ మేడ్చినది. కసి తీఱక తుపాను లేపి కళేబరమును ఆర్నో నదిలోఁ గలిపినది. ఇది శుద్ధిఖండము అయిదవ సర్గము. తండ్రి కడ సన్న్యాసియంగి, పోపు విమోచనవాక్యము, మహాత్ముని యాగమనము. కొడుకు కడ నొక్క పేరు, నొక్క బొట్టు. సామగ్రియంతయు నొకవంకనుంచి గతిని రెండవవంకఁ బెట్టిన యీ నిర్మాణము కాకతాళీయము గాదు. డాంటే తన పూర్వగ్రంథమైన 'కాన్వీవియో'లో గ్విదోను వార్ధకమున లోకవ్యాపారములనెడి తెరచాపలు దింపుకొన్న మహనీయుఁడని కొనియాడియున్నాఁడు. ఆ మెప్పును దానే త్రోసివేసినాఁడు.

ఇంతమాత్రమునఁ గవి సంస్కారములను నిరాకరించెననియు, మార్టిన్ లూథరునకు ముందు నడచెననియుఁ జెప్పువారితో నే నేకీభవింపను. శుద్ధిఖండము తొమ్మిదవ సర్గమున ద్వారముకడఁ దెల్లనిది, నల్లనై పగిలినది, నెత్తురువలె నెఱ్ఱనిది యగు మూఁడు మెట్లున్నవి. కూర్చున్న దూతచేత బంగారు తాళపుచెవి యొకటి, వెండిది యొకటి. ఏదొక్కటి సరిగాఁ దిరుగకున్నను దలుపు తెఱవఁబడదు. తాళపుచెవుల యధికారమును డాంటే కాదనలేదు. ఆ యధికారము మనస్సు లేనిచోఁ బనిచేయదనుచున్నాఁడు. ఇది శాస్త్రమే.

మన పాఠకునకు వెంటనే జ్ఞప్తికి వచ్చునది భాగవతము షష్ఠస్కంధమున నజామిళోపాఖ్యానము. తెలుఁగున దీనిని ఏర్చూరి సింగన రచించినాఁడు. అచ్చటను జచ్చువాని నోట నొక పేరు, అచ్చటను దూతలకు వివాదము. కాని పోలిక యంతటితో సరి. అజామిళుఁడు పిలిచినది కొడుకును. నామమహిమయే యతని రక్షించినది, పశ్చాత్తాపము తరువాతఁ గలిగినది. బువాంకాంటేకు మనస్సు తిరుగుటయే ప్రాణము. ఆ నామము దానికి గుఱుతు. పైగా నజామిళునకు గంగాద్వారమునఁ దపస్సు చేయ నాయువు మిగిలినది. ఇతనికి మిగులలేదు, ఆ తపస్సు చచ్చిన పిమ్మటఁ జేయవలసినదే. గ్విదో కథకు సరియైన జోడు అజామిళుఁడు గాఁడు, ఆ స్కంధారంభముననే ప్రాయశ్చిత్తమును గూర్చి పరీక్షిత్తు చెప్పిన గజస్నానదృష్టాంతము.

శాస్త్రమును దాఁటి కవి కల్పించినదియుఁ గలదు. ద్వారమునకు వెలుపల, ఆలసించి పశ్చాత్తాపపడినవారు వేచియుండు కొండచఱియ యట్టిది. సోమరి బెలాక్వా బ్రదికినంత కాలము వేచియుండవలెను. 1266లో బెనెవెంటో యుద్ధమునఁ గూలిన మాన్‌ఫ్రెడు రాజు మతబహిష్కృతుఁడు. తన పాపములు ఘోరములని తానే యొప్పుకొనును, అయినను రక్షణ పొందినాఁడు. కాని బహిష్కారమును ధిక్కరించిన కాలమునకు ముప్పదిమడుఁగులు వెలుపల నుండవలెను. ఈ లెక్క యే మహాసభయుఁ జేసినది గాదు. క్షమ యొక్క క్షణమునఁ గలిగినను ఋణము కాలముతోనే తీఱవలెనను భావమునకు దీనికన్నఁ జక్కని రూపము నే నెఱుఁగను.

ఒక్క లోపమును జెప్పక తప్పదు. సంస్కారము పొందకయే పూర్ణపశ్చాత్తాపముచే మరణకరపాపము పోవుటకు, వీలుండినఁ బాపసంకీర్తనము చేయుదునను నిచ్ఛ దానిలో నిమిడియుండవలెనని శాస్త్రము. బువాంకాంటే విషయమునఁ గవి దానిని సూచింపలేదు. కొనయూపిరిలో నంత యెడమెక్కడిదని సమాధానము చెప్పవచ్చును. నాకది సగము సమాధానముగాఁ దోఁచుచున్నది. కాని కవి చూపినది ఇఁక నొకటి కలదు. వేచియుండు కాలము బ్రదికియున్నవారి ప్రార్థనలచేఁ దగ్గును. మాన్‌ఫ్రెడు తన కూఁతురు కాన్‌స్టాన్సునకు వార్త పంపుమని వేఁడుకొనును. బువాంకాంటేకు వేఁడుకొనుట కెవ్వరును లేరు; భార్య జొవాన్నా గాని, తక్కినవారు గాని తన్నుఁ దలఁచుట లేదని చెప్పి, తోడివారి నడుమఁ దల వంచుకొని నడచుచున్నాఁడు.