శుక్రవారం సాయంత్రం నుంచి వెనక్కి

వారం రోజులకి పడవ అద్దెకి తీసుకుని దీవులు చుట్టి రావాలనుకునేవాళ్లు మొదట మ్యాపు తెరుస్తారు. విన్న దీవులన్నిటికీ చుక్కలు పెడతారు. ఆ చుక్కల్ని ఏడు రోజులకి పంచుతారు. మాతో కలిసి రావాల్సిన మిత్రుడూ అదే చేశాడు. గ్రీసు పడమటి వైపు అయోనియన్ సముద్రంలో లెఫ్కడా దగ్గర ఎక్కి మెగనీసీ, కలమోస్, కాస్తోస్, ఇథాకా, కెఫలోనియా, వీలైతే జాకింథోస్ కూడా చూసి రావాలని వాట్సాప్‌లో జాబితా పంపాడు. అందులో సగం కొట్టేసి తిప్పి పంపితే ఫోన్ చేశాడు. "ఏరా, ఇంత డబ్బు పోసి మూడు దీవులేనా?"

మూడే. ఆ మూడు ఎలా మిగిలాయో చెబుతాను.

అక్కడ అద్దె పడవల వారం సాధారణంగా శనివారం సాయంత్రం మొదలై మరుసటి శనివారం పొద్దున ముగుస్తుంది. కాగితం మీద చూస్తే ఏడు రాత్రులు, ఏడు పగళ్లు. నిజానికి పడవ చేతికొచ్చేసరికి సాయంత్రం ఐదవుతుంది. లైఫ్ జాకెట్లు లెక్క చూసుకోవాలి, గ్యాస్ బండ నిండుగా ఉందా, తెరచాపలో చిరుగులున్నాయా, పడవ ఒంటి మీద పాత గీతలు ఎక్కడెక్కడున్నాయి, అన్నీ చూసి ఫొటోలు తీసి సంతకం పెట్టాలి. డిపాజిట్ వేల యూరోల్లో ఉంటుంది కాబట్టి ఈ పని గబగబా తేల్చేది కాదు. అది ముగిసేసరికి పొద్దు వాలిపోతుంది, ఆ రాత్రి మెరీనాలోనే. అవతలి కొసన చూస్తే, శుక్రవారం సాయంత్రానికల్లా తిరిగి వచ్చి డీజిల్ నింపి పడవ కట్టేయాలి. ఆ రాత్రి అందులో పడుకోవచ్చు గానీ శనివారం పొద్దున్నే ఖాళీ చేయాలి. అంటే తిరగడానికి మిగిలేది ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఆరు పగళ్లు. అందులో ఒకటి గాలికి వదిలేయాలి. చేతిలో ఉన్నది ఐదు.

అందుకే నేను ప్లాను శుక్రవారం సాయంత్రం నుంచి వెనక్కి రాస్తాను. గురువారం రాత్రి ఎక్కడ పడుకుంటే శుక్రవారం గాలి ఎలా ఉన్నా ఇల్లు చేరతాం? బుధవారం ఎక్కడుంటే ఆ గురువారం చోటికి సుఖంగా వస్తాం? ఇలా వెనక్కి నడిచి ఆదివారం దాకా వస్తే, మధ్యలో ఏ దీవులకి చోటుందో వాటంతట అవే తేలిపోతాయి.

ఇది అయోనియన్‌లో మరీ అవసరం. వేసవిలో అక్కడి గాలికి ఒక దినచర్య ఉంది. పొద్దున గాలి ఉండదు, పోతే ఇంజన్ మీదే పోవాలి. మధ్యాహ్నం అయ్యేసరికి వాయవ్యం నుంచి మైస్త్రో అనే గాలి లేస్తుంది. సాయంత్రానికి బ్యూఫోర్ట్ కొలతలో 4కి, ఒక్కోసారి 5కి చేరి, పొద్దు గూకాక పడిపోతుంది. 4 అంటే గంటకి 11 నుంచి 16 నాటికల్ మైళ్ల గాలి. తెరచాప ఎత్తినవాళ్లకి అంతకన్నా కావలసింది లేదు. తూర్పున ఏజియన్‌లో జులై, ఆగస్టుల్లో వీచే మెల్తెమి దీనికన్నా చాలా మొరటుది, రోజుల తరబడి పడవల్ని రేవు కదలనివ్వదు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను సాంతోరిని వైపు కాకుండా ఈ పడమటి వైపు చెప్పడానికి కారణం అదే.

అయితే లెఫ్కడా ఉత్తరాన ఉంది, చూడాలనుకునే దీవులు దక్షిణాన ఉన్నాయి. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. వచ్చేటప్పుడు ముఖం మీద కొడుతుంది. గాలి వాలున హాయిగా రెండు రోజులు కిందికి జారిపోయినవాళ్లు గురువారం మధ్యాహ్నం మేల్కొని, అలలకి ఎదురు ఇంజన్ పెట్టుకుని వస్తుంటారు. పడవ ముందు భాగం ఎగిరి పడుతుంటుంది, లోపల గిన్నెలు దొర్లుతుంటాయి, పిల్లలు వాంతులు. ఆ వారంలో వాళ్లకి గుర్తుండేది ఆ ఒక్క రోజే.

మా మిత్రుడి జాబితాలోంచి సామీ రేవు పోయింది ఇందుకే. కెఫలోనియా తూర్పు తీరాన ఉంటుంది సామీ. దగ్గర్లో పైకప్పు కూలిపోయి ఆకాశానికి తెరుచుకున్న మెలిస్సానీ గుహ, దాని లోపలి నీలి సరస్సు ఉన్నాయి. మనసు లాగే చోటే, కాదనను. కానీ సామీ నుంచి ఉత్తరానికి రావాలంటే కెఫలోనియాకీ ఇథాకాకీ మధ్య సన్నటి జలసంధిలోంచి రావాలి. రెండు వైపులా కొండలు. మధ్యాహ్నపు గాలి ఆ సందులో పడి మరింత ముదురుతుంది, అదీ ఎదురుగా. పొద్దున ఏడింటికే లేచి గాలి పుట్టకముందే దాటేసేవాళ్లు ఉన్నారు. సెలవుల్లో ఏడింటికి పిల్లల్ని ఎవరు లేపుతారు?

మిగిలిన దారి ఇదీ. ఆదివారం లెఫ్కడా నుంచి మెగనీసీ, పది మైళ్ల పైచిలుకు. దారిలో స్కార్పియోస్ దీవి కనిపిస్తుంది, 1968 అక్టోబరులో ఒనాసిస్, జాక్వెలిన్ కెనెడీల పెళ్లి జరిగింది అక్కడే. మెగనీసీ ఉత్తర తీరం వేళ్లు చాపినట్టు చీలికలు చీలికలుగా ఉంటుంది, ఏ చీలికలో దూరినా అలల బెడద ఉండదు. సోమవారం ఇథాకా మీది కియోనీ, ఇది కాస్త పొడుగు దారి. మంగళవారం ఎక్కడికీ పోం. గాలికి వదిలేసిన రోజు అదే, గాలికి అక్కర్లేకపోతే మాకు. బుధవారం ఇథాకా ఉత్తర కొసని చుట్టి కెఫలోనియా మీది ఫిస్కార్డో. 1953 ఆగస్టు భూకంపంలో కెఫలోనియా దాదాపుగా నేలమట్టమైతే, ఈ ఊరి వెనీషియన్ కాలపు ఇళ్లు నిలిచాయి. గురువారం లెఫ్కడా దక్షిణ తీరాన ఉన్న సివోతా, పదకొండు మైళ్లు. ఈ దారిలో గాలి ఎడమ పక్క నుంచి తగులుతుంది, ఎదురు కాదు, కాబట్టి వారం మొత్తానికి మంచి తెరచాప ప్రయాణం ఇదే అవుతుంది. శుక్రవారం పొద్దున గాలి లేవకముందు దీవి చాటునే ఇంజన్ మీద ఉత్తరానికి. కలమోస్, కాస్తోస్, జాకింథోస్ ఇంకోసారికి.

ఇందులో తేలిగ్గా తెగని చిక్కు ఒకటుంది. గాలి వచ్చేది మధ్యాహ్నం. జులై, ఆగస్టుల్లో ఫిస్కార్డో, కియోనీ లాంటి చిన్న రేవుల్లో గట్టు నిండిపోయేదీ ఆ మధ్యాహ్నమే. తెరచాప కావాలంటే చోటు పోతుంది, చోటు కావాలంటే తెరచాప పోతుంది. దీనికి నాకు తెలిసిన పరిష్కారం, రెండింటినీ ఒకే రోజు ఆశించకపోవడం. ఒక రోజు పొద్దున్నే ఇంజన్ మీద వెళ్లి గట్టున చోటు పట్టుకుని ఊరు చూడాలి. ఇంకో రోజు సాయంత్రం దాకా గాలి మీద తిరిగి, ఊరు లేని చోట లంగరు వేసి, వెనక నుంచి మోకు తీసుకెళ్లి ఒడ్డున రాతికో చెట్టుకో కట్టుకోవాలి.

గట్టుకి పడవ కట్టడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్లానులో ఇది ఎవరూ రాసుకోరు. మధ్యధరాలో పడవని గట్టు పక్కన కాకుండా, వెనక భాగం గట్టుకి ఆనేలా కడతారు. కియోనీలో మేం చేరేసరికి రెండు పడవల మధ్య మా పడవ వెడల్పుకి ఒక జానెడు ఎక్కువ సందుంది. పడవ నడపడానికి మేం మాట్లాడుకున్న స్కిప్పర్ దాని వీపు గట్టు వైపు తిప్పి, మూడు నాలుగు పడవల దూరంలో ఆగి చెయ్యెత్తాడు. ముందు నిలబడ్డ మా మిత్రుడు కాలితో బటన్ నొక్కితే గొలుసు గడగడమంటూ దిగింది. పది మీటర్ల లోతుకి నలభై మీటర్ల పైన గొలుసు వదలాలి, లేకపోతే లంగరు నేలని కరవదు, జారుతుంది. పడవ వెనక్కి నడుస్తుంటే మా అబ్బాయి గాలి బుడ్డల్లాంటి ఫెండర్లు పట్టుకుని పక్క పడవకి రాసుకోకుండా చూస్తున్నాడు. నేను గాలి వచ్చే వైపు మోకు ముందు విసిరాను. గట్టు మీది పెద్దాయన ఎవరో అందుకుని, ఉంగరంలోంచి తిప్పి కొసని మళ్లీ నా చేతికే విసిరాడు. తర్వాత రెండో మోకు. తర్వాత ముందు నుంచి గొలుసు బిగించి, లంగరు పట్టిందని చూసుకున్నాక పలక వేసి ఒడ్డుకి దిగాం. గొంతు పెంచినవాళ్లు ఒక్కరూ లేరు.

హుస్సేన్‌సాగర్ మీద చిన్న పడవలు నడిపిన అలవాటు నాకుంది. వానాకాలపు రెగట్టా రోజుల్లో ఆ నీళ్ల మీద గాలి ఎలా మారుతుందో ఒంటికి తెలుసు. కానీ అక్కడ లంగరు అవసరం రాదు, నలభై అడుగుల పడవని సందులోకి వెనక్కి తోయాల్సిన పనీ రాదు. అందుకని ఎవరు ఏ తాడు దగ్గరుండాలో బయల్దేరకముందు ఇంట్లోనే రాసుకున్నాం. బాల్కనీ రెయిలింగుకి తాడు చుట్టి విప్పడం పిల్లల చేత చేయించాం. గ్రీసులో స్కిప్పర్ లేకుండా పడవ ఇవ్వాలంటే మనలో ఒకరికి గుర్తింపున్న సర్టిఫికెట్ ఉండాలి, పడవ పని తెలిసిన రెండో మనిషీ ఉండాలి. మొదటిసారి వెళ్లే కుటుంబాలు ఆ కాగితాల కోసం తంటాలు పడకుండా అక్కడి స్కిప్పర్‌ని మాట్లాడుకోవడం మేలని నా అభిప్రాయం. అయితే అతనికీ ఒక గది కావాలి, మూడు పూటలా భోజనం మీరే పెట్టాలి. నాలుగు గదుల పడవ అనుకుని రెండు కుటుంబాలూ ఒక నాయనమ్మా బయల్దేరితే మిగిలేది మూడు గదులే. ఈ లెక్క పడవ బుక్ చేసేముందు చూసుకోవాలి.

మా అమ్మ కూడా వచ్చింది. రోజుకి మూడు గంటలకి మించి కదలకూడదని హద్దు పెట్టుకున్నది ఆమె కోసమే. అలల మీద తల తిరగకుండా ఉండాలంటే కిందికి పోకుండా బయట కూర్చుని దూరపు ఒడ్డుని చూస్తుండాలి, బయల్దేరేముందే మాత్ర వేసుకోవాలి. పడవలో అందరికన్నా ఓపిక తక్కువున్న మనిషిని బట్టే దూరాలు వేసుకోవాలి. మిగతావాళ్లకి తక్కువైతే ఈతలున్నాయి.

"మరి నెయ్యో?" అంది అమ్మ, సామాను సర్దేటప్పుడు. నెయ్యి కుదరదు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి సామానులో తెచ్చుకోనివ్వదు యూరోపియన్ యూనియన్. పచ్చి ఆకులకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి కరివేపాకు రెమ్మ కూడా ఇంట్లోనే. బియ్యం, పప్పు, టొమాటోలు, బెండకాయలు, గట్టి పెరుగు అక్కడే కొనుక్కోవచ్చు, అదీ లెఫ్కడా ఊళ్లోనే, చిన్న రేవుల్లో ధర ఎక్కువ. ఇక్కణ్నుంచి మేం మోసుకెళ్లింది పోపుల డబ్బా, ఊరగాయ, మూడు లీటర్ల కుక్కరు. కుక్కరు తప్పనిసరి. పడవలో ట్యాంకు నీళ్లు మూడు నాలుగు వందల లీటర్లు ఉంటే గొప్ప, గ్యాస్ చిన్న బండ, రెండే బర్నర్లు. రాత్రిళ్లు ఒడ్డున తావెర్నాలో తిన్నాం. చాలా చోట్ల తావెర్నా వాళ్లకే సొంత గట్టు ఉంటుంది, అక్కడ భోంచేస్తే పడవ కట్టుకున్నందుకు డబ్బు అడగరు. టొమాటోల్లో బియ్యం కూరి కాల్చిన గెమిస్తా, పప్పు మెత్తగా ఉడికించిన ఫావా అమ్మకి నచ్చాయి.

ఇక ఎప్పుడు వెళ్లాలి? సెప్టెంబరులో నీళ్లు వెచ్చగా, రేవులు కాస్త ఖాళీగా ఉంటాయి. కానీ ఆ నెల రెండో సగంలో వాతావరణం తిరగబడవచ్చు, 2020 సెప్టెంబరు మధ్యలో ఇయానోస్ తుపాను కెఫలోనియా, ఇథాకాలనే కొట్టింది. పైగా మన పిల్లలకి అప్పుడు బడి. జులై, ఆగస్టుల్లో అద్దెలూ, రద్దీ తారస్థాయిలో ఉంటాయి. మన బళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు కనుక తెలుగువాళ్లకి సరిగ్గా సరిపడేది మే చివరి వారం. నీళ్లు కాస్త చల్లగా ఉంటాయి, గట్టున చోటు దొరుకుతుంది, అద్దె తక్కువ. గ్రీసుకి షెంగెన్ వీసా కావాలి, ప్రతి రాత్రి బస ఎక్కడో చూపించాలి, మేం పడవ ఒప్పందాన్నీ మనుషుల పేర్ల జాబితానీ జతచేశాం. వీసాల రద్దీ కూడా మన వేసవి సెలవులకే ఎక్కువ. వచ్చే మే నెలకి వెళ్లాలనుకుంటే సంక్రాంతిలోపు పడవ మాట్లాడుకోండి, పడవ కోసం రాసే ఉత్తరంలోనే పిల్లల కొలతకి లైఫ్ జాకెట్లు కావాలని కూడా రాయండి. చక్రాల సూట్‌కేసులు మాత్రం తీసుకెళ్లకండి, పడవలో పెట్టడానికి చోటుండదు.