కార్యాలయములో సొంత సంభాషణ సర్వరు : ఒక విమర్శ

ఒక పెద్ద ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు కలసి నలుబదిమంది ఉన్నారనుకొనుడు. ఒకప్పుడు ప్రధానోపాధ్యాయుని ఉత్తరువు నోటీసు పుస్తకములోనికెక్కి, అటెండరు చేతిలో తరగతి తరగతికి తిరిగి, అందరి సంతకములతో మరల ఆఫీసు గదికి చేరెడిది. నేడు ఆ పనిని ఫోనులోని వాట్సాప్ గ్రూపు క్షణములో చేయుచున్నది. సౌకర్యము గొప్పదే. కాని సాయంకాలమగుసరికి నోటీసు పుస్తకము పాఠశాల బీరువాలో ఉండెడిది. నేటి సందేశము నలుబది ఫోనులలో ఉన్నది. మార్కుల జాబితాలు, పిల్లల ఆధార్ కార్డుల ఫోటోలు, ఒక విద్యార్థి జబ్బును గూర్చి తల్లి వ్రాసిన ఉత్తరము, అన్నియు అందులోనే చేరుచున్నవి. ఉపాధ్యాయుడు బదిలీయై వెళ్లునపుడు ఫోనుతోపాటు ఇవియు వెళ్లుచున్నవి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమునకు ప్రత్యేక రక్షణ కల్పించినది. కనుక ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన ప్రశ్న కాదు.

ఈ చిక్కునకు కంప్యూటరు పరిజ్ఞానము గలవారు చూపు మార్గమొకటి కలదు. ఆఫీసు గదిలో ఒక కంప్యూటరును సర్వరుగా నిలిపి, అందులో సంభాషణ ప్రోగ్రామును స్థాపించి, సిబ్బంది సందేశములన్నియు దాని గుండా నడుపవలెనని వారు చెప్పుదురు. యంత్రము సొంతమైనపుడు సమాచారమును సొంతమేనని వారి వాదము. ఈ వాదములో నిజమెంత ఉన్నదో, అతిశయోక్తి ఎంత ఉన్నదో పరిశీలింపవలసియున్నది.

ఈ ఏర్పాటు పనిచేయు తీరు

కంప్యూటర్ల ద్వారా అప్పటికప్పుడు ముచ్చటించుకొనుట క్రొత్త సంగతి కాదు. 1973లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 'ప్లేటో' అను బోధన కంప్యూటరుపై 'టాకోమాటిక్' అను ప్రోగ్రాము పుట్టినది. అందులో ఒకరు టైపు చేయు ప్రతి అక్షరమును ఇతరులకు వెంటనే కనబడెడిది. 1988లో ఫిన్లండు దేశములోని ఔలు విశ్వవిద్యాలయమున యార్కో ఓయికారినెన్ 'ఐ.ఆర్.సి.' అను పద్ధతిని రూపొందించెను. 1999 జనవరిలో జెరెమీ మిల్లర్ అను అమెరికా దేశీయుడు 'జాబర్' ను ప్రకటించెను. 2004లో ఇది 'ఎక్స్.ఎం.పి.పి.' అను పేర ఇంటర్నెట్ ప్రమాణముగా వెలువడినది. కార్యాలయములలో స్థాపింపబడు సర్వర్లకు ఇది మంచి ఉదాహరణము.

జాబర్ పద్ధతి తపాలా పద్ధతిని పోలియుండును. ప్రతి వ్యక్తికిని ఈమెయిలు వంటి చిరునామా ఒకటి ఉండును. అందులో మొదటి భాగము మనిషి పేరు, రెండవ భాగము సర్వరు పేరు. గుమాస్తా వ్రాసిన సందేశము ముందుగా సర్వరునకు చేరును. సర్వరు చిరునామా చూచి, అందుకొనవలసినవారి కంప్యూటరునకు దానిని అందించును. వారు ఆ సమయమున లేకున్నచో దాచియుంచి, వచ్చిన పిదప ఇచ్చును. ఎవరు బల్ల వద్ద ఉన్నారో, ఎవరు లేరో కూడ తెలుపును. సిబ్బంది కంప్యూటర్లు సామాన్యముగా 5222 అను సంఖ్యగల ద్వారము గుండా సర్వరుతో మాటలాడును. ఇతర సంస్థల సర్వర్లు 5269 అను ద్వారము గుండా వచ్చును. ఈ రెండవ ద్వారమును మూసినచో సందేశములు ఆ సర్వరు పరిధిని దాటిపోవు.

ఇందుకు గొప్ప యంత్రమేమియు అక్కరలేదు. నలుబదిమందిలో ఒక్కొక్కరు రోజునకు 200 సందేశములు పంపినను మొత్తము 8,000. ఒక సందేశము ఒక కిలోబైటు చొప్పున రోజునకు 8 మెగాబైట్లగును. 250 పనిదినములకు లెక్కించినచో 2 గిగాబైట్లు. ఫోటోలను మినహాయించినచో ఒక సంవత్సరపు మాటలన్నియు జేబులో పట్టు చిన్న పెన్ డ్రైవులో ఇమిడిపోవును. 'ఈజాబర్డీ', 'ప్రొసొడీ', 'ఓపెన్‌ఫైర్' వంటి సర్వరు ప్రోగ్రాములు ఉచితముగా లభించును. అనుభవముగలవాడు వీనిని ఒక పూటలో నడిపింపగలడు. ఇంతవరకు ఆ వాదము నిజమే. చిక్కంతయు ఆ పూట గడచిన తరువాతనే ప్రారంభమగును.

గది సొంతమైనను ప్రోగ్రాము పరాయిది కావచ్చును

సొంత సర్వరును కోరువారు చూపు ముఖ్యకారణము, బయటి కంపెనీ తన సేవను ఎప్పుడైనను మార్చవచ్చుననుట. ఇందుకు నిదర్శనములు లేకపోలేదు. గూగుల్ సంస్థ 2005లో ప్రారంభించిన 'గూగుల్ టాక్' జాబర్ ప్రమాణమునే అనుసరించినది. 2013లో వచ్చిన 'హ్యాంగౌట్స్' ఆ బాట విడిచినది. 'స్లాక్' అను సేవ పాత ప్రోగ్రాముల కొరకు తెరచియుంచిన ఐ.ఆర్.సి., జాబర్ ద్వారములను 2018 మే నెలలో మూసివేసినది.

కాని ఇదే సందర్భమున చెప్పవలసిన మరియొక సంగతి కలదు. అట్లాసియన్ సంస్థవారి 'హిప్‌చాట్' ను అనేక కార్యాలయములు తమ సొంత యంత్రములపై స్థాపించుకొన్నవి. 2018 జులైలో ఆ సంస్థ తన ఇంటర్నెట్ సేవతోపాటు ఈ సొంత సర్వరు రకమును కూడ విరమించుచున్నట్లు ప్రకటించినది. యంత్రము కార్యాలయపు గదిలోనే ఉన్నది. కరెంటు ఖర్చును కార్యాలయమే భరించుచున్నది. అయినను ప్రోగ్రామును సరిదిద్దు హక్కు కార్యాలయమునకు లేదు. కనుక యంత్రము ఎవరిదని అడుగుట చాలదు. ప్రోగ్రాము మూలపాఠము అందరికిని లభ్యమగునా, సందేశములను వేరొక ప్రోగ్రామునకు మార్చుకొనవచ్చునా అనియు అడుగవలెను.

ద్వారములోని లోపము

2019 ఏప్రిల్‌లో ఫ్రాన్సు ప్రభుత్వము తన ఉద్యోగుల కొరకు 'చాప్' అను సంభాషణ సాధనమును విడుదల చేసినది. విదేశీ కంపెనీల సాధనములపై ఆధారపడరాదని దాని ఆశయము. 'మాట్రిక్స్' అను బహిరంగ పద్ధతిపై నిర్మించి, ప్రభుత్వ సర్వర్లలోనే నడిపిరి. ప్రభుత్వపు ఈమెయిలు చిరునామా గలవారికే ప్రవేశమని నియమము పెట్టిరి. విడుదలయైన కొలది గంటలలోనే ఒక భద్రతా పరిశోధకుడు, ప్రభుత్వోద్యోగి కాకున్నను, లోపలికి ప్రవేశించెను.

అతడు చేసిన పని చిన్నది. తన సొంత చిరునామాకు చివర అధ్యక్ష కార్యాలయపు చిరునామాను అతికించెను. ప్రవేశార్హతను చూచు భాగము చివరను చదివి, ఇతడు అధ్యక్ష కార్యాలయపు ఉద్యోగియని తలచినది. ధ్రువీకరణ ఉత్తరమును పంపు భాగము మొదటిని చదివి, అతని సొంత చిరునామాకే ఉత్తరము పంపినది. ఒకే వ్రాతను రెండు భాగములు రెండు విధములుగా చదువుటయే లోపము. అతడు తెలియజేసిన వెంటనే లోపము సరిదిద్దబడినది. పెద్ద ప్రభుత్వమునకు వెంటనే దిద్దగల నిపుణులున్నారు. నలుబదిమంది గల కార్యాలయమున ఆ పని ఎవరు చేయుదురు? అక్కడ లోపము ఇంతకంటె సామాన్యముగా ఉండును. రెండేండ్ల క్రిందట పదవీ విరమణ చేసిన గుమాస్తా పేరు సర్వరులో ఇంకను ఉండుట, అందరును ఒకే పాస్‌వర్డు వాడుట వంటివి అట్టివే.

ఓపెన్‌ఫైర్ విషయము ఇంకను బోధకరమైనది. కార్యాలయములలో విరివిగా వాడబడు ఈ జాబర్ సర్వరులో 2023 మే నెలలో ఒక తీవ్రమైన లోపము వెల్లడియైనది. సర్వరును మొదట స్థాపించునపుడు పాస్‌వర్డు లేకుండ తెరువవలసిన పుటలు కొన్ని ఉండును. ఆ పుటల దారిని కొంచెము మార్చి వ్రాసినచో, నిర్వాహకునికి మాత్రమే చెందిన పుటలలోనికి ఎవరైనను పోవచ్చునని తేలినది. ఈ లోపము 2015 ఏప్రిల్‌లో విడుదలయైన ప్రతినుండియు ఉన్నది. అనగా ఎనిమిదేండ్లు ఎవరి కంటను పడలేదు. సవరించిన ప్రతి వెంటనే వెలువడినది. అయినను ఆ ఆగస్టు నాటికి వేలకొలది సర్వర్లు సవరణ లేకయే ఇంటర్నెట్‌లో నడచుచుండెను. దుండగులు వానిపై దాడులు కూడ సాగించిరి. ఆ సర్వర్లను స్థాపించినవారు తెలివితక్కువవారని అనుకొననక్కరలేదు. స్థాపించిన నాటి ఉత్సాహము స్థాపించిన తరువాతి సంవత్సరములలో నిలువలేదు, అంతే.

ఎవరు చదువగలరు?

ఈ వాదములోని పెద్ద లోపము గోప్యతను గూర్చినది. సామాన్యమైన జాబర్ ఏర్పాటులో ఉద్యోగి కంప్యూటరునకును సర్వరునకును నడుమ ప్రయాణించు సందేశము గూఢలిపిలో ఉండును. కాని సర్వరు చేరగానే అది విప్పబడును. సర్వరు నిర్వాహకుడు తలచినచో దానిని చదువవచ్చును. వాట్సాప్‌లో 2016 నుండి సందేశములు పంపువాని ఫోనునుండి అందుకొనువాని ఫోనువరకు గూఢలిపిలోనే ఉండుచున్నవి. వాని సారమును మధ్యనున్న సర్వరు చదువలేదు. కనుక దానిని విడచి సామాన్య జాబర్‌లోనికి వచ్చిన ఉపాధ్యాయుడు ఒక విధముగా గోప్యతను కోల్పోవుచున్నాడు. ఎక్కడో ఉన్న కంపెనీని నమ్ముటకు బదులు ప్రక్కగదిలోని సహోద్యోగిని నమ్మవలసివచ్చును. పై అధికారి మీద ఫిర్యాదు చేయదలచిన ఉద్యోగికి ఈ భేదము స్వల్పమైనది కాదు.

జాబర్‌కు కూడ 'ఓమెమో' అను చివరినుండి చివరివరకు నడచు గూఢలిపి కలదు. కాని అందులో మరియొక చిక్కు ఉన్నది. గూఢలిపిని విప్పు తాళములు ఉద్యోగుల ఫోనులలో ఉండును. ఫోను పోయినచో పాత సందేశములు చదువుటకు వీలుకాకపోవచ్చును. 2019 ఏప్రిల్‌లో మాట్రిక్స్ పద్ధతి రూపకర్తలు తాము నడుపు ముఖ్యసర్వరులోనికే దొంగలు చొరబడిరి. రక్షణ కొరకు అందరిని ఒక్కసారిగా బయటికి పంపవలసివచ్చినది. తాళములకు వేరుగా ప్రతి తీసియుంచుకొననివారు తమ పాత గూఢసందేశములను చదువలేకపోయిరి.

కార్యాలయమునకు రికార్డు కావలెను, ఉద్యోగికి గోప్యత కావలెను. ఈ రెంటిని సంపూర్ణముగా ఒకే ఏర్పాటులో పొందుట కష్టము. ఏది కోరుచున్నదో కార్యాలయము ముందుగా నిర్ణయించి, సిబ్బందికి స్పష్టముగా చెప్పవలెను. చెప్పక నడుపుట న్యాయము కాదు.

ఆధారములు తొలగిపోవు

సొంత సర్వరు వచ్చినంత మాత్రమున బయటివారిపై ఆధారపడుట పోదు. బ్యాటరీని ఆదా చేయుటకై ఫోను తన తెర ఆరిన పిదప ప్రోగ్రాములను నిద్రపుచ్చును. ఐఫోనులోని ప్రోగ్రామును మేల్కొలుపు పిలుపు ఆపిల్ సంస్థ సర్వరు ద్వారా రావలెను. ఆండ్రాయిడ్ ఫోనులలో సొంత సంబంధమును నిలుపుకొను ప్రోగ్రాములు ఉన్నను, పెక్కు ప్రోగ్రాములు గూగుల్ పిలుపునే నమ్ముకొనియుండును. సందేశము ఆఫీసు గదిలో పుట్టి ప్రక్కగదికి పోవుటకు సముద్రము దాటిన పిలుపు అవసరమగుచున్నది.

మరియొక సంఘటన జ్ఞాపకముంచుకొనదగినది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థ నెట్‌వర్కు నిర్వహణలో జరిగిన పొరపాటు వలన ఆ సంస్థ సేవలన్నియు సుమారు ఆరు గంటలు నిలిచిపోయినవి. లోపమును వెదకుటకు ఇంజనీర్లు వాడు సొంత సాధనములు కూడ అదే నెట్‌వర్కుపై ఆధారపడియుండుటచే వానిలో అనేకము పనిచేయలేదు. మనుష్యులను స్వయముగా యంత్రములున్న చోటికి పంపవలసివచ్చినది. కార్యాలయపు నెట్‌వర్కుపై నడచు సంభాషణ, ఆ నెట్‌వర్కు చెడిన దినమున, అనగా మిక్కిలి అవసరమైన దినముననే, మూగవోవును. కాబట్టి ముఖ్యుల ఫోను నంబర్లు కాగితముపై వ్రాసి గోడకు అంటించుట నేటికిని అనవసరము కాదు.

పరీక్షించు విధానము

ఇంత చెప్పినను సొంత సర్వరు వ్యర్థమని తేల్చుట సరికాదు. కార్యాలయపు మాటలు కార్యాలయము వద్దనే ఉండవలెనను కోరిక న్యాయమైనది. రహస్య పరిశోధనలు చేయు సంస్థలకు, ఇంటర్నెట్ సరిగా అందని చోటులకు ఇట్టి ఏర్పాటు ఎంతో మేలు చేయును. విమర్శింపవలసినది, యంత్రమును కొనుటతో పని ముగిసినదను భావమును.

ప్రయోగశాలకు క్రొత్త త్రాసు వచ్చినపుడు, తెలిసిన తూకపు రాళ్లతో సరిచూచిన పిదపనే ఉపాధ్యాయుడు దానిని విద్యార్థుల చేతికిచ్చును. సర్వరునకును అట్టి పరీక్షయే ఉండవలెను. ఒక శనివారము సర్వరును ఆపి, దాచియుంచిన ప్రతినుండి వేరొక కంప్యూటరుపై సందేశములన్నిటిని మరల నిలబెట్టగలరో లేదో చూడవలెను. దానిని స్థాపించిన వ్యక్తి ఆనాడు సెలవులో ఉండవలెను. రెండవ వ్యక్తి ఆ పనిని వ్రాసియుంచిన సూచనలను బట్టి చేయవలెను. పిదప సిబ్బంది జాబితాను సర్వరులోని పేర్లతో పోల్చి, వెళ్లిపోయినవారి పేర్లు ఎన్ని మిగిలియున్నవో లెక్కింపవలెను. ప్రోగ్రాము చివరిసారి ఏ తేదీన సవరింపబడినదో, సర్వరు ధ్రువపత్రము గడువు ఎన్నడు ముగియునో గోడమీది క్యాలెండరులో గుర్తింపవలెను.

ఈ పరీక్షలో నెగ్గిన కార్యాలయము తన సర్వరు తనదేనని నిశ్చింతగా చెప్పుకొనవచ్చును. నెగ్గలేనిది మరికొంత కాలము ఆగి, ముందుగా రెండవ వ్యక్తికి పని నేర్పుట మంచిది. అంతవరకు పిల్లల ఆధార్ ఫోటోలు ఏ గ్రూపులోనికిని పోకుండ బీరువాలోనే ఉండుట మేలు.