చేత్తో తిప్పి చదివే గేర్‌బాక్స్

అమెరికాలో పాత పికప్ ట్రక్కులకు ప్రాణం పోసేవాళ్లు తుక్కు యార్డులో గేర్‌బాక్స్ ఎంచే తీరు నాకు మహా ఇష్టం. బోర్గ్-వార్నర్ టి-18నే తీసుకోండి. ఫోర్డు, జీప్, ఇంటర్నేషనల్ బండ్లలో ఏళ్ల తరబడి వచ్చిన నాలుగు గేర్ల ఇనుప దిమ్మ. పోత మీది అంకెలు రుద్ది చదివినంత మాత్రాన పని కాదు. పైకి ఒకేలా కనిపించే ఈ పెట్టెల్లో కొన్నింటికి ఫస్ట్ గేర్ నిష్పత్తి 6.32, కొన్నింటికి 4.02. బరువుతో ఏటవాలు ఎక్కాలంటే మొదటిదే కావాలి. పనివాడు ఫస్ట్ గేర్ వేసి, సుద్దతో గుర్తు పెట్టి, ఇన్‌పుట్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతాడు. వెనక షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగేసరికి ముందుది ఆరు దాటిందా, నాలుగు దగ్గరే ఆగిందా? అమ్మేవాడి కథలన్నీ అక్కడ తేలిపోతాయి.

ఇక వేరే ఇంజిన్‌కు కలపడం. అసలు విద్య ఇక్కడుంది. బెల్ హౌసింగ్ బోల్టులు కుదిరాయో లేదో ఎవరికైనా తెలుస్తుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ పొడవు చాలాలి, దాని మీది పళ్లు క్లచ్ ప్లేటుకు సరిపడాలి, కొన వెళ్లి క్రాంక్‌షాఫ్ట్ చివరి పైలట్ బేరింగులో కూర్చోవాలి. అడాప్టర్ ప్లేటు కొని బిగించేస్తే సరిపోతుందనుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. మంచి మెకానిక్ క్రాంక్‌కు డయల్ గేజ్ కట్టి, బెల్ హౌసింగ్ రంధ్రం నడిమధ్యకు వచ్చిందా అని చూస్తాడు. ముల్లు 0.005 అంగుళం మించి కదిలితే ఆఫ్‌సెట్ పిన్నులతో సరిచేస్తాడు. ఈ ఓపికకు బిల్లులో పద్దు ఉండదు! తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచేయడం, క్రాస్‌మెంబర్ జరపడం, గేర్ రాడ్‌కు నేలలో కన్నం కోయడం, అవన్నీ వెల్డరు చూసుకునే పనులు.